అన్నం మెతుకుతో అతికించిన అజారుద్దీన్

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. క్లబ్ గ్రూపులో "ఈసారి సీఎస్ఈ నుంచి ఒక్క వ్యాసం కూడా రాలేదు" అన్న మెసేజ్ చూసి కొంచెం రోషమొచ్చి కూర్చున్నా. ఒత్తులు తప్పితే ఎడిటర్లు దిద్దుకుంటారు. నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది, అదే చెప్పబోతున్నా.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, బతుకమ్మ పేర్చడానికి పెద్ద ఇత్తడి తాంబాలం కావాలని అమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపమంది. తాంబాలం కింద అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి కనిపించింది. పాత లెక్కల పుస్తకమేమో అనుకుని తెరిస్తే, పేజీకి నాలుగు చొప్పున క్రికెటర్ల కార్డులు. కపిల్ దేవ్, గవాస్కర్, రవిశాస్త్రి. మధ్యలో ఒక పేజీ మొత్తం ఒకే కార్డుకి ఇచ్చేసి ఉంది. కాలర్ ఎత్తుకున్న అజారుద్దీన్. కింద వంకర అక్షరాలతో "మన హైదరాబాదీ" అని రాసి ఉంది.

"నాదే రా అది," అన్నాడు నాన్న గడప దగ్గర నిలబడి. "ఐదో తరగతిల ఉన్నప్పటిది. బిగ్ ఫన్ బబుల్ గమ్ కొంటే లోపల వచ్చేటియి. ఎనక రన్నులు, వికెట్లు రాసుంటుండె. గవి జమ చేసి పంపితే బహుమతులిస్తమనేటోళ్లు. నేను పంపలే. పంపితే కార్డులు పోతయి గద."

"మరి గిట్ల అతికించినవేంది డాడీ?"

"గమ్ము సీసాకు పైసలెక్కడియి? అన్నం మెతుకే మా ఫెవికాల్."

ఇద్దరం నవ్వుకున్నాం. సెలవులు అయిపోయాక ఆ నోట్‌బుక్ నాన్నకు చెప్పకుండా బ్యాగులో పెట్టుకుని హాస్టల్‌కి తెచ్చేశా.

ఎందుకు తెచ్చానో చెప్పాలి. మా రూమ్మేట్‌కి కార్డుల పిచ్చి. చిన్నప్పుడు క్రికెట్ అటాక్స్, ట్రంప్ కార్డులు మనందరం ఆడాం, ఏడో తరగతిలో వదిలేశాం. వాడు వదల్లేదు. ఇప్పుడు రాత్రి రెండింటిదాకా అమెరికా వేలం పాటల వీడియోలు చూస్తుంటాడు. వాడి నోట్లోంచి రోజుకు పదిసార్లు వచ్చే మాట "గ్రేడింగ్".

దాని కథ ఇది. పాత స్పోర్ట్స్ కార్డు ఒకటి మన దగ్గర ఉంటే, దాన్ని ఒక గ్రేడింగ్ కంపెనీకి పంపుతాం. అది అసలుదేనా అని వాళ్ళు ముందు చూస్తారు. తర్వాత నాలుగు విషయాలు చూస్తారు. బొమ్మ సరిగ్గా మధ్యలో అచ్చయిందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చెదిరాయా, పైన గీతలూ మరకలూ ఉన్నాయా. చూసి 1 నుంచి 10 లోపల ఒక నంబరు ఇస్తారు. కార్డుని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, నంబరు చీటీ లోపలే ఉంచి సీలు వేసి తిరిగి పంపుతారు. ఆ పెట్టెని స్లాబ్ అంటారు. మా ఊళ్ళో స్లాబ్ అంటే ఇంటి కప్పే కాబట్టి మొదట్లో నాకు చాలా తికమకగా ఉండేది. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పేరు పీఎస్ఏ, 1991లో మొదలైంది. ఎస్‌జీసీ, బెకెట్ అని ఇంకో రెండున్నాయి. 2024లో పీఎస్ఏ యజమాని కంపెనీయే ఎస్‌జీసీని కూడా కొనేసింది.

నాన్న నోట్‌బుక్ సంగతి చెప్పగానే రూమ్మేట్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఎయిటీస్ కార్డులారా? అజార్ ఉన్నాడా? ఒక్కటి గ్రేడ్ చేయిస్తే మన మెస్ బిల్లులు అయిపోతయ్." వాడు సరదాకే అన్నాడు. నా మెదడు మాత్రం దాన్ని సీరియస్‌గానే తీసుకుంది. అప్పటికి నా మెస్ బాకీ 18,500. ఎరువుల దుకాణంలో నాన్న బాకీ వేరే ఉంది, అది ఎంతో ఆయన నాకు ఎప్పుడూ చెప్పడు. పత్తి అమ్ముడుపోయేదాకా ఇంట్లో డబ్బుల మాట ఎత్తొద్దని మాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇక రెండు వారాలు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని కార్డుల గురించే చదివా. చదివేకొద్దీ ఆశ పెరిగింది. ఎందుకు పెరిగిందో మీకూ అర్థమవ్వాలంటే రెండు కార్డుల సంగతి చెప్పాలి.

మొదటిది హోనస్ వాగ్నర్ కార్డు. వందేళ్ళ కిందటి బేస్‌బాల్ ఆటగాడు. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలు పెట్టి ఇచ్చేది. వాటిలో వాగ్నర్‌ది చాలా అరుదు. అలాంటి కార్డు ఒకటి 1985లో బిల్ మాస్ట్రో అనే డీలర్ 25 వేల డాలర్లకు కొన్నాడు. 1991లో సోదబీస్ వేలంలో అదే కార్డుని హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఇంకో భాగస్వామి కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు పాడారు. కొత్తగా మొదలైన పీఎస్ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే. 8 ఇచ్చారు. 80 ఏళ్ళు దాటిన సిగరెట్ కార్డుకి 8 అంటే అద్భుతం. 2007 వచ్చేసరికి దాని ధర 28 లక్షల డాలర్లు.

రెండోది మికీ మాంటిల్ కార్డు, 1952లో టాప్స్ కంపెనీ వేసింది. అందులో పీఎస్ఏ 9 ఇచ్చిన కార్డు ఒకటి 2021 జనవరిలో 52 లక్షల డాలర్లకు పోయింది. ఎస్‌జీసీ 9.5 ఇచ్చిన ఇంకొకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. అంటే దాదాపు వంద కోట్ల రూపాయలు. రెండు కార్డుల మీదా అదే మనిషి, అదే బొమ్మ, అదే సంవత్సరం. రోజులు వేరు, కంపెనీలు వేరు, కాబట్టి తేడా మొత్తం ఆ అర నంబరుదే అనలేం. కానీ వేలంలో కార్డు పేరు పక్కనే నంబరు చదువుతారు, చేతులు లేచేది ఆ నంబరు విన్నాకే.

దీనికి కారణం ఏంటని ఆలోచిస్తే మన ఎకనామిక్స్ ఎలెక్టివ్‌లో చెప్పిన పాఠం గుర్తొచ్చింది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆయన సెకండ్‌హ్యాండ్ కార్ల మీద ఒక పేపర్ రాశాడు. బండి మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ఎందుకైనా మంచిదని తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తీసుకెళ్ళిపోతాడు. చివరికి బజారులో మిగిలేవి డొక్కు బండ్లే. కార్డులదీ అదే కథ. అమ్మేవాళ్ళందరూ తమ కార్డు కొత్తదాన్లాగే ఉందంటారు. వెయ్యి మైళ్ళ దూరంలో, పట్టుకుని చూడలేనివాడు ఎట్లా నమ్మాలి? అక్కడ మధ్యలో కూర్చుంటుంది గ్రేడింగ్ కంపెనీ. అది అమ్మేది ప్లాస్టిక్ పెట్టె కాదు, ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య నమ్మకం.

ఇదంతా చదివాక నాకు ఒక్కటే అడ్డు కనిపించింది. అన్నం మెతుకు. నోట్‌బుక్కి అతుక్కున్న కార్డుని ఎవరూ గ్రేడ్ చేయరు. ఊడదీయాలి.

ఒక శనివారం రాత్రి రూమ్మేట్ ఊరికి పోయినప్పుడు కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టా. ఆవిరి మీద పేజీ పట్టుకున్నా. స్టాంపులు అలాగే ఊడదీస్తారని వీడియోలో చూశా. అంచు మెత్తబడింది. షేవింగ్ బ్లేడుతో నెమ్మదిగా లేపా. సగం దాకా చక్కగా వచ్చింది. అప్పుడు ఊపిరి బిగబట్టి కొంచెం లాగా. చిన్న చప్పుడు. అజారుద్దీన్ భుజం దగ్గర మొదలైన చిరుగు బ్యాట్ దాకా పోయింది. వెనక ఉన్న రన్నులు నోట్‌బుక్ పేజీకే అంటుకుపోయాయి.

చాలాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చున్నా. నలభై ఏళ్ళకు దగ్గరగా ఆ కార్డుకి ఏమీ కాలేదు. వానలకు ఇల్లు కారినా, ట్రంకుపెట్టెకి తుప్పు పట్టినా ఏమీ కాలేదు. నా చేతికొచ్చిన పదిహేను రోజుల్లో అయింది.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి మర్నాడు తెలిసింది. లెక్కలు ముందే చేయాల్సింది, తర్వాత చేశా. ఒక్క కార్డు గ్రేడింగ్‌కే ఇరవై డాలర్ల పైమాట. అమెరికాకి రానూపోనూ కొరియర్, ఇన్సూరెన్స్, కస్టమ్స్ వేరే. బిగ్ ఫన్ కార్డు ఎంత బాగున్నా ఆ ఖర్చు తిరిగి వచ్చేంత ధర పలకడం కష్టం. అది గమ్‌తో ఫ్రీగా ఇచ్చిన పల్చటి కాగితం. కోట్ల కార్డు కథలు చదివి నా కార్డూ ఆ జాతిదే అనుకున్నా. గ్రేడింగ్ ఉన్న ధరను పెంచుతుంది కానీ లేని ధరను పుట్టించదు. ఇంత చిన్న విషయం నాకు రెండు వారాల చదువులో తట్టలేదు.

దీపావళికి అమ్మమ్మ వాళ్ళింటికి పోయాం. వాళ్ళది పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నారాయణపేట జిల్లాలో మక్తల్ వైపు. చిరిగిన కార్డు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు, నోట్‌బుక్ హాస్టల్ అలమరాలోనే ఉంది. లక్ష్మీపూజకి అమ్మమ్మ ఎప్పట్లాగే వెండి రూపాయలు తీసింది. ఐదున్నాయి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంవి, ఏడో నిజాం కాలంవి రెండూ ఉన్నాయి. చార్మినార్ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీది. ఈ సంగతి నాకు మా పెద్ద మామ చెప్పాడు. నారాయణపేట, గద్వాల, వనపర్తి సంస్థానాల పేర్లతో కూడా ఒకప్పుడు నాణేలు పడ్డాయని, మన ఊరి పక్కనే టంకశాల ఉండేదని ఆయనే చెప్పాడు. మా పాలమూరు కరువు గురించి, వలస గురించి పుస్తకాల్లో చదివా కానీ ఇక్కడ డబ్బులు అచ్చేసేవాళ్ళని ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ ఆ రూపాయలను గిన్నెలో వేసి, చింతపండు రసం పోసి, ముగ్గుపిండితో బరబరా తోమడం మొదలుపెట్టింది. నాకు గుండె ఆగినంత పనైంది.

"అమ్మమ్మా, ఆగాగు! అట్ల తోమితే వాటి ధర పోతది!"

"ఏం ధర రా? నా పెండ్లప్పటి నుంచి తోముతున్న. ఒక్కటన్న తగ్గిందా? ఐదుకైదు ఉన్నయి."

ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. నాణేల గ్రేడింగ్ కార్డుల కంటే పాతది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ అక్కడి పాత పెద్ద సెంట్ నాణేల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. ఆ 70 ఎందుకో తెలుసా? అరిగిపోయి గుర్తుపట్టడానికి మాత్రమే పనికొచ్చే నాణెం ధర 1 అయితే, ఏ లోపం లేని నాణెం ధర దానికి 70 రెట్లు ఉంటుందని ఆయన లెక్క. అంటే ఆ నంబరు పుట్టుకలోనే ధర ఉంది. ఆ తర్వాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ వచ్చి నాణేలకు స్లాబులు వేయడం మొదలుపెట్టాయి. పీసీజీఎస్, పీఎస్ఏ ఒకే గూటివి. కార్డులకు ఆ పద్ధతి నాణేల నుంచే వచ్చింది.

ఆ కంపెనీల లెక్కలో నాణేన్ని రుద్ది తోమడం పెద్ద తప్పు. తోమిన గుర్తులు కనిపిస్తే మామూలు నంబరు ఇవ్వరు. అసలుదే కానీ సరిగ్గా శుభ్రం చేయలేదు అని చీటీ మీద రాసేస్తారు. నల్లగా మసి పట్టినట్టు ఉన్న రూపాయి ఎక్కువ పలుకుతుంది, తళతళలాడేది తక్కువ పలుకుతుంది. అమ్మమ్మ యాభై ఏళ్ళుగా ఏటా భక్తితో చేసిన పనికి వాళ్ళ దగ్గర పేరు 'డ్యామేజ్'. అదే మా ఇంట్లో అయితే తోమకుండా మసి పట్టిన రూపాయిని లక్ష్మీదేవి ముందు పెట్టడమే తప్పు.

ఇద్దరిలో ఎవరిది తప్పు అంటే నేను చెప్పలేను. కొనేవాడికి వందేళ్ళ కిందట టంకశాలలోంచి వచ్చినట్టే కావాలి. అమ్మమ్మకి ఆ వందేళ్ళలో తన యాభై ఏళ్ళు కూడా ఉన్నాయి. గ్రేడు అడిగేది ఒక్కటే ప్రశ్న: దీన్ని ఎవరూ ముట్టుకోనట్టు ఉందా? మన ఇళ్ళల్లో దాచుకునే వస్తువులన్నీ ముట్టుకున్నవే. అందుకే దాచుకున్నాం.

నేనిక ఏమీ అనలేదు. మిగతా రెండు రూపాయలు నేనే తోమి ఇచ్చా.

ఇంతవరకు రాస్తే ఇది గ్రేడింగ్ మీద కోపంతో రాసిన వ్యాసం అయ్యేది. నవంబరులో నాన్నతో పత్తి అమ్మడానికి పోకపోయి ఉంటే నేనూ అంతటితో ఆపేవాణ్ణేమో.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకి మా వైపు చేలల్లో పత్తి తడిసింది. ఏరిన పత్తి ఇంట్లో కుప్ప పోసి ఉంది. ఊళ్ళోకి వచ్చిన బేరగాడు కుప్పలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి పిసికి, ముక్కు దగ్గర పెట్టుకుని "నీళ్లున్నయి పటేలా, ఆరు వేల రెండొందలకు మించదు" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. రెండు రోజులు ఎండలో పట్టాలు పరిచి ఆరబోశాడు. మంచు పడకముందే సాయంత్రం ఎత్తి, పొద్దెక్కాక మళ్ళీ పరిచాం. సీసీఐ కొనుగోలుకి ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసింది నేనే. మా ఇంట్లో నా సీఎస్ఈ సీటు పనికొచ్చిన మొదటి సందర్భం అది.

మద్దతు ధర పద్ధతి ఇట్లా ఉంటుంది. 2025-26కి పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే మొత్తం ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర తగ్గుతుంది. 12 దాటితే తీసుకోరు. జిన్నింగ్ మిల్లు దగ్గర టెంపో దిగాక ఒకాయన మీటరు తెచ్చి పత్తిలో గుచ్చాడు. నాకు పరీక్ష రిజల్ట్ పేజీ లోడ్ అవుతున్నట్టే ఉంది. 11. అంటే మూడు శాతం కోత, క్వింటాలుకు 7,866 రూపాయల చిల్లర. మావి 12 క్వింటాళ్ళు. బేరగాడి ధరకీ దీనికీ తేడా ఇరవై వేలు. నా మెస్ బాకీ అందులోనే తీరిపోతుంది.

తిరిగి వస్తుంటే టెంపోలో అడిగా. "డాడీ, గా మీటరు మీద నీకు కోపం రాదా? 8 ఉంటే ఇంకా వచ్చేది గద."

"మీటరు మీద కోపమెందుకు రా? బేరగాడు చెయ్యి పెట్టి నీళ్లున్నయన్నడు. ఆ చెయ్యితోని నేనేం కొట్లాడాలె? మీటరు పదకొండని చూపెట్టింది. నాకు అనుమానముంటే ఇంకోపాలి గుచ్చమంట. రేపు ఇంకింత ఆరబోస్త. నంబరున్నకాడ మాట్లాడొచ్చు."

ఆ మాట నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. మా నాన్న లాంటివాడికి, బేరగాడితో గొంతు పెంచలేనివాడికి, నంబరు ఒక అండ. అకెర్లాఫ్ చెప్పింది కూడా అదే కదా. గ్రేడు లేని బజారులో నష్టపోయేది మంచి సరుకు ఉన్నవాడు. కార్డుల్లో కూడా మొదట్లో గ్రేడింగ్ చేసిన మేలు అదే అయి ఉంటుంది.

మరి తేడా ఎక్కడ వచ్చింది? నాకు అర్థమైనంత వరకు చెప్తా. తేమ మీటరు వెనక ఒక నిజమైన వస్తువు ఉంది, నీళ్ళు. మిల్లువాడికి పత్తి కావాలి, నీళ్ళు వద్దు. 11కీ 8కీ మధ్య తేడా మూడు శాతమే, ధరలో కోతా మూడు శాతమే. మీటరు మళ్ళీ గుచ్చితే దాదాపు అదే నంబరు వస్తుంది. కార్డు 9కీ 10కీ మధ్య తేడా మామూలు కంటికి కనిపించదు. ధర మాత్రం కొన్ని కార్డులకి ఎన్నో రెట్లు మారిపోతుంది. అదే కార్డుని స్లాబ్ పగలగొట్టి మళ్ళీ పంపి ఎక్కువ నంబరు తెచ్చుకునేవాళ్ళున్నారు. ఏ గ్రేడువి ఎన్ని కార్డులున్నాయో కంపెనీయే లెక్క ప్రకటిస్తుంది. ఎవరి సెట్టు గ్రేడు ఎక్కువో పోటీ కూడా అదే పెడుతుంది. కార్డు విలువ ఎక్కువైతే గ్రేడింగ్ ఫీజు కూడా ఎక్కువ. మా ఊళ్ళో తూకం వేసేవాడికి సరుకు ధరను బట్టి కూలీ ఇస్తామంటే కాంటా మీద నలుగురికీ అనుమానం రాదా?

ఇక వాగ్నర్ కార్డు కథలో నేను దాచిన ముక్క ఇప్పుడు చెప్తా. 2013లో మాస్ట్రో అమెరికా కోర్టులో వేలం మోసాల కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకున్నవాటిలో ఇదీ ఉంది: ఆ కార్డు అంచులను తానే కత్తిరించాడు. అంచు కోసిన కార్డుకి నంబరు ఇవ్వకూడదన్నది పీఎస్ఏ నియమమే. కానీ వాళ్ళ మొట్టమొదటి కార్డుకే 8 ఇచ్చారు, ఆ 8 మీదే ధర లక్షలు దాటింది.

పత్తి ఆరబోస్తే పత్తి నిజంగానే బాగుపడుతుంది, నంబరు దాని వెనక వస్తుంది. కార్డు అంచు కోస్తే కార్డు తగ్గుతుంది, నంబరు పెరుగుతుంది. నంబరు దేని కోసం పుట్టిందో దాన్ని వదిలేసి నంబరునే కొనడం మొదలుపెడితే, ఎవడో ఒకడు కత్తెర పట్టుకుంటాడు. నేను పట్టుకున్నది షేవింగ్ బ్లేడు, అంతే తేడా.

ఇది మనకు కొత్త విషయం కాదనుకుంటా. నా సీజీపీఏ 7.46. కటాఫ్ 7.5 పెట్టిన కంపెనీకి నేను లేనట్టే. ఆ 0.04 కోసం ఈ సెమిస్టర్‌లో ఏం చేయాలా అని ఆలోచించినప్పుడు నాకు మొదట తట్టింది సులువైన ఎలెక్టివ్ తీసుకోవడం. డేటాబేస్ సబ్జెక్టు ఇంకొంచెం బాగా నేర్చుకోవడం రెండోది. ఆరబోయడమా, అంచు కోయడమా? మీ మీ సంగతి మీరే చూసుకోండి.

డిసెంబరులో నోట్‌బుక్ తీసుకుని ఇంటికి పోయా. దారంతా ఎట్లా చెప్పాలో అనుకుంటూ పోయా, చివరికి ఏమీ చెప్పకుండా తెరిచి ముందు పెట్టా. నాన్న చాలాసేపు చూశాడు. చిరుగు మీద వేలు పెట్టి భుజం నుంచి బ్యాట్ దాకా తీశాడు.

"ఎందుకు పీకినవ్ రా?"

మొత్తం చెప్పా. మెస్ బాకీ, గ్రేడింగ్, పీఎస్ఏ, వాగ్నర్ అన్నీ. సగం చిరిగిపోయిన వాగ్నర్ కార్డు కూడా లక్షల డాలర్లకు పోయిందట డాడీ అని కూడా చెప్పా, అదేదో నా తప్పుకి ఊరట అయినట్టు. ఆయన విన్నాడు. కోప్పడతాడనుకున్నా. కోప్పడి ఉంటే బాగుండేది.

"మెస్‌కు పైసలు లేవని నాకు చెప్పకపోతివి," అన్నాడు. కార్డు గురించి కాదు, దాని గురించే అన్నాడు.

కాసేపయ్యాక, "99 టెస్టులాడిండు రా అజార్. ఇంకొక్కటి ఆడితే వంద. ఆ ఒక్కటి లేదని ఆయన బ్యాటింగ్ నేను మర్చిపోయిన్నా?" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగా అజారుద్దీన్ గురించే అన్నాడో నాకు తెలియలేదు.

రాత్రి అన్నాలయ్యాక కంచంలోంచి రెండు మెతుకులు తీసి, వేలితో మెదిపి, చిరిగిన రెండు ముక్కల వెనకా రాశాడు. రన్నులు అంటుకుపోయిన పాత చోటులోనే, అంచుకు అంచు కలిపి పెట్టి అరచేత్తో ఒత్తాడు. ఆరేదాకా పైన ఏదైనా బరువు పెట్టమన్నాడు. నా డేటాబేస్ టెక్స్ట్‌బుక్ పెట్టా.

గీత ఇంకా కనిపిస్తుంది. ఏ కంపెనీకి పంపినా 1 కూడా రాదు. నోట్‌బుక్ మళ్ళీ తాంబాలం కింద, ట్రంకుపెట్టెలో ఉంది. మీ ఇంట్లో కూడా ఇట్లాంటివి ఏమైనా ఉంటే అమ్మే ముందు ధర కనుక్కోండి, తప్పులేదు. కానీ కెటిల్ పెట్టే ముందు అవి ఎవరివో వాళ్ళని ఒక్క మాట అడగండి.